మురుగుల బరువు పోను

మా మునిమనవడు నెల ముందుగా, ఒక మంగళవారం ఉదయం ఏడూ నలభైకి, ఏలూరులో పుట్టాడు. బరువు రెండు కేజీల వంద గ్రాములు. పుట్టిన సమయం బంధువులందరూ రాసుకున్నారు, జాతకానికి కావాలి కనుక. బరువు నేనొక్కదాన్నే రాసుకున్నాను. తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు కాటా దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు చీటీలు రాసిన చెయ్యి ఇది. లోడు బరువు, ఖాళీ బరువు, పోను నికరం. ఈ మూడు గడులూ లేని కాగితం చూస్తే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు.

మా అమ్మాయిని మండవల్లి దాటాక కొల్లేటి అంచున ఉన్న ఊళ్ళో ఇచ్చాం. అల్లుడుగారివి చేపల చెరువులు. ఎన్ని ఎకరాలో రాయను. ఆ లెక్క ఆఫీసుల్లో ఒకలాగా, పెళ్ళి సంబంధాలప్పుడు ఇంకొకలాగా ఉంటుంది. వాళ్ళ కూతుర్ని, అంటే నా మనవరాలిని, మా గూడెంలోనే నాకు మూడు వీధుల అవతల ఇచ్చారు. సంబంధం చెప్పింది నేనే. అందువల్ల ఆ అత్తగారి గురించి నోరు మూసుకు కూర్చోవలసిన బాధ్యత కూడా నాదేనని మా అమ్మాయి ఉద్దేశం. ఇన్నాళ్ళూ కూర్చున్నాను కూడా.

పుట్టిన వెంటనే పిల్లాణ్ణి అద్దాల పెట్టెలో పెట్టారు. మూడో రోజుకి కేజీ తొమ్మిది వందల అరవైకి దిగాడు. మళ్ళీ మెల్లగా ఎక్కి, పదకొండో రోజు శుక్రవారం రెండు కేజీల యాభైతో బయటికి వచ్చాడు. వాడితో పాటు ఒక ఫైలు ఇచ్చారు. ఫైలు వాడికంటే పొడవుగా ఉంది. పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి నలుగురు పోటీ పడ్డారు. ఫైలు నా చేతికి వచ్చింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పి పంపింది. రెండు గంటలకోసారి నిద్ర లేపైనా పాలు పట్టాలి. తల్లి గుండెలకి ఆనించి వెచ్చగా ఉంచాలి. వారానికోసారి ఒంటి మీద ఏమీ లేకుండా తూయాలి. రోజుకి ఇరవై గ్రాములకి తగ్గకుండా పెరగాలి, పెరక్కపోతే ఆగకుండా తీసుకురావాలి. నేను ఫైలు అట్ట మీద రాసుకున్నాను. తల్లీ అమ్మమ్మా తాతయ్యా అందరూ తలలు ఊపారు. కారు కొల్లేటి రోడ్డెక్కేసరికి ఆ నాలుగింటిలో మూడు కిటికీలోంచి ఎగిరిపోయాయి.

పుట్టింట్లో పథ్యం మొదలైంది, తోడుగా నేనూ అక్కడే ఉన్నాను. మా అమ్మాయి డిగ్రీ చదివింది, ఫోన్లో కరెంటు బిల్లు కడుతుంది, కానీ కూతురు బాలింత అయ్యేసరికి వాళ్ళ అత్తగారి అత్తగారి కాలానికి వెళ్ళిపోయింది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, పొద్దున్నే శొంఠీ బెల్లం దంచిన కాయం ముద్ద. మంచినీళ్ళు మాత్రం రోజుకి మూడు గ్లాసులు. ఎక్కువ తాగితే బాలింతకి పొట్ట వస్తుందట, పిల్లాడికి జలుబు చేస్తుందట. అవి వానాకాలం రోజులు. పెరటి గోడ అవతల చెరువు, చెరువు అవతల ఇంకో చెరువు, దాని అవతల కనుచూపు మేరా కొల్లేరు. అంత నీళ్ళ మధ్య ఆ పిల్ల ఒక స్టీలు గ్లాసుకేసి చూస్తూ కూర్చునేది. ఆ నీళ్ళల్లోంచే పాలు రావాలని నేను ఒకసారి అన్నాను. మా అమ్మాయి, "నన్ను పెంచినప్పుడు నువ్వెన్ని గ్లాసులు తాగావే?" అంది. ఆ లెక్క నా దగ్గర లేదు. అప్పటికి నేను ఇంకా కాటా ఉద్యోగంలో చేరలేదు.

రెండు గంటల పట్టిక ఒకటి రాసి గోడకి అంటించాను. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆవిడా దాన్ని చదివి నవ్వింది. హాయిగా పడుకున్న పసివాణ్ణి లేపుతారటండీ ఎవరైనా అని బుగ్గలు నొక్కుకున్నారు. వాడు నిజంగానే హాయిగా పడుకునేవాడు. నాలుగు గంటలు, ఒక్కోసారి ఐదు. ఏడవడు. లేపితే నాలుగు గుక్కలు చప్పరించి మళ్ళీ కళ్ళు మూసేవాడు. ఇంత బుద్ధిమంతుణ్ణి ఈ ఊళ్ళో చూడలేదన్నారు. బంగారు తండ్రి, తల్లిని ఒక్క పూట కష్టపెట్టడు అన్నారు. పుట్టి రెండు వారాలైనా కాకముందే వాడికి శాంత స్వభావం, దైవభక్తి, తండ్రి పోలిక అన్నీ వచ్చేశాయి. పాలు తాగడం ఒక్కటే రాలేదు.

పధ్నాలుగో రోజు సోమవారం ఆశా వర్కరు వచ్చింది. మంచి పిల్ల. ఒక చేతిలో తూకం మిషను, ఇంకో చేతిలో ఫోను, భుజానికి సంచీ. పిల్లాణ్ణి బట్టలు విప్పి తూచింది. రెండు కేజీల వంద. మూడు రోజుల్లో యాభై గ్రాములు, రోజుకి పదహారు పైచిలుకు. చాలదు, కానీ పరవాలేదు అనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు బారసాల. ఆ రోజూ సోమవారమే. మనవరాలి అత్తగారు గూడెం నుంచి రెండు కార్లలో మనుషుల్ని వేసుకుని వచ్చారు. భోజనాలకి ముందు ఎర్ర వెల్వెట్ పెట్టె తెరిచి, ఒక్కో వస్తువూ పైకెత్తి అందరికీ చూపించారు. చేతులకి మురుగులు, కాళ్ళకి కడియాలు, నడుముకి మువ్వల మొలతాడు. అన్నీ వెండివే.

"మొత్తం పావు కేజీ అండీ," అన్నారు, ఎవరూ అడక్కుండానే. "మొదటి మనవడు కదా, చూసుకోలేదు."

పావు కేజీ అని నేను ఫైలు అట్ట మీద రాసుకున్నాను. ఎవరు ఏ బరువు చెప్పినా రాసుకోవడం నా అలవాటు.

తొడగడం అయ్యాక ఆవిడ ఇంకో మాట చెప్పారు. వాళ్ళ ఇంటి ఆచారం ప్రకారం బారసాల వెండి పెట్టిన చెయ్యే తీయాలట, వేరే చెయ్యి తగిలితే పిల్లాడికి మంచిది కాదట. నేను గూడెంలో యాభై నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఆ ఇంటి వాళ్ళ అబ్బాయి బారసాలకీ వెళ్ళాను. ఈ ఆచారం అప్పుడు లేదు. బహుశా అప్పట్లో వెండి తక్కువ పెట్టి ఉంటారు.

ఆ సందడి మధ్యలోనే ఆశా వర్కరు వచ్చింది. ఆ రోజు కూడా తూయవలసిన రోజే. బట్టలు విప్పింది, వెండి విప్పబోయింది. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు. పిల్లాడు మువ్వలతో సహా మిషనెక్కాడు. రెండు కేజీల మూడు వందల అరవై.

వారంలో రెండు వందల అరవై గ్రాములు. హాలంతా సంతోషం. ఆశా పిల్ల ఫోన్లో ఆకుపచ్చ గుర్తు వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లాడి తండ్రి ఆ రోజు అక్కడే ఉన్నాడు కాబట్టి వెంటనే ఒక గ్రాఫు గీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. గీత కొబ్బరిచెట్టులా నిలువుగా లేచింది. నలభై మూడు మంది దణ్ణాలు పెట్టారు. అత్తగారు, "మా చెయ్యి అలాంటిదండీ," అన్నారు. ఆ ఒక్కటి మాత్రం అక్షరాలా నిజం.

నేను ఫైలు అట్ట తిరగేసి మూడు గడులు గీశాను. లోడు రెండు వేల మూడు వందల అరవై. ఖాళీ రెండు వందల యాభై. పోను రెండు వేల నూట పది. అంటే వారం రోజులకి పది గ్రాములు. చెరువు గట్టు మీద పిచ్చుక తిన్నంత.

కార్లు వెళ్ళిపోయాక మా అమ్మాయికి చూపించాను. చదివి ఫైలు మూసేసింది.

"అమ్మా, వాడు లారీ అనుకున్నావా?"

"లారీకైతే డ్రైవర్ని దింపి తూస్తారే," అన్నాను.

"శుభమా అని బారసాల చేసుకుంటే కొలతలేమిటి, వియ్యపురాలు వింటే ఏమనుకుంటుంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వారం రోజులు ఆ విషయం ఎత్తనివ్వలేదు. వాడి ఒంటి మీది వెండి గలగలలాడుతూనే ఉంది, వాడి గొంతు మాత్రం వినపడేది కాదు.

ఆ వారంలోనే అల్లుడుగారి చెరువు పట్టుబడి జరిగింది. శీలావతి, బొచ్చె చేపలు ట్రేలలోకి ఎక్కుతున్నాయి. నేను గట్టు మీద కుర్చీ వేసుకుని చూశాను. మా అల్లుడుగారు మెత్తని మనిషి, అండీ లేకుండా మాట్లాడరు. కానీ కాటా దగ్గర వేరే మనిషి. తడి ట్రే బరువెంత, పొడి ట్రే బరువెంత, ఐసు ముక్క ఎవరి ఖాతాలోకి పోతుంది, అన్నిటికీ కొనేవాళ్ళతో వాదన. ఒక్కో ట్రేనీ ఖాళీ చేయించి మళ్ళీ తూయించారు. ఈ మనిషే నాలుగు రోజుల కిందట మువ్వలతో ఉన్న మనవణ్ణి మిషను మీద చూసి చప్పట్లు కొట్టారు.

ఇరవై ఎనిమిదో రోజు ఆశా వర్కరు మళ్ళీ వచ్చింది. మా అమ్మాయి ఆచారం సంగతి గుర్తు చేసింది. పిల్లాడు మళ్ళీ వెండితోనే ఎక్కాడు. రెండు కేజీల మూడు వందల యాభై.

"పది గ్రాములు తగ్గాడండీ," అంది ఆశా పిల్ల, గొంతు తగ్గించి.

మిషనుకి పది గ్రాములు అటూ ఇటూ మామూలే అంది మా అమ్మాయి. ఆశా పిల్ల ఒప్పుకోలేదు. అసలు ట్రైనింగులో ఒంటి మీద నూలుపోగు లేకుండా తూయమన్నారని, మొన్న కూడా చెప్పబోయిందని, అంతమంది ముందు నోరు రాలేదని నాతో చెప్పుకుంది. బరువు తగ్గడానికి కారణం రాయమని ఫోను అడుగుతోంది. ఆచారం అని రాయడానికి అందులో గడి లేదు.

మా అమ్మాయి గూడేనికి ఫోను చేసింది. అత్తగారు ఆదివారం వస్తానని, తన చేత్తోనే తీస్తానని, అంతవరకూ ఎవరూ ముట్టుకోవద్దని చెప్పారు. ఆదివారం ఇంకా ఆరు రోజులుంది.

ఆశా పిల్ల వెళ్ళాక గదిలోకి వెళ్ళాను. నా మనవరాలు మంచం మీద పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అరికాలు గీకుతోంది. వాడు లేవడం లేదు. పిల్లాడు పుట్టినప్పటి నుంచీ అందరూ మాట్లాడారు, ఆ పిల్ల తప్ప.

"అమ్మమ్మా, వీడు పొద్దుటి నుంచి రెండుసార్లే తాగాడు. నాకు పాలు కూడా సరిగ్గా రావడం లేదు. చెబితే బాలింతకి భయాలెక్కువ అంటోంది అమ్మ."

పిల్లాడి మురుగు పైకి జరిపి చూశాను. అది మోచేతి దాకా అడ్డం లేకుండా పోయింది. బారసాల నాడు మణికట్టు దగ్గరే ఆగింది.

చెరువు గట్టుకి నడిచాను. అల్లుడుగారు మేత సంచులు చూస్తున్నారు. తవుడు, వేరుశెనగ చెక్క కలిపి చిల్లుల సంచుల్లో పోసి చెరువులో కర్రలకి కడతారు, చేపలు వచ్చి వాటిని పొడుచుకు తింటాయి. సాయంత్రానికి సంచి ఖాళీ అయితే చేప బాగున్నట్టు.

"అల్లుడుగారూ, మేత మీదికి రాని చేప ఉంటే దాన్ని బుద్ధిమంతురాలంటారా?"

ఆయన నవ్వబోయారు.

"అదేం మాటండీ అత్తయ్యగారూ. మేతకి రాకపోతే జబ్బున్నట్టే. ఆ పూటే చూడాలి. మర్నాటికి తేలిపోతాయి."

"మరి మీ మనవడు పొద్దుటి నుంచి రెండుసార్లే తాగాడు. రెండు వారాల్లో పెరిగిందంతా వెండే. ట్రే బరువు తీయడం మర్చిపోయారు మీరు."

నేను ఫైలు అట్ట ఇచ్చాను. ఆయన ఒకసారి చదివి, ఇంకోసారి పెదవులు కదుపుతూ చదివారు. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. చేతిలో ఉన్న సంచి నీళ్ళల్లో వదిలేసి, "కారు తీస్తానండీ," అన్నారు.

ఏలూరు వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండూ పది. దారి పొడుగునా మా అమ్మాయి వెనక సీట్లో, వియ్యపురాలికి ఏం చెప్పాలి అని రెండుసార్లు, పిల్లాడికేమీ కాదు కదా అని నాలుగుసార్లు అంది. ఆ లెక్క చూసి నాకు కాస్త నయమనిపించింది.

ఆసుపత్రిలో అదే డాక్టరమ్మ. తూకం బల్ల దగ్గర నర్సు అన్నీ తీసేయమంది. మా అమ్మాయి నాకేసి చూసింది, నేను అల్లుడుగారికేసి చూశాను. పెట్టిన చెయ్యి గూడెంలో ఉంది. ఈలోగా నా మనవరాలు ముందు కుడి చేతి మురుగు తీసింది, తర్వాత ఎడమ చేతిది, కడియాలు, చివర మొలతాడు. తీసి స్టీలు ట్రేలో వేసింది. అంతసేపూ ఎవరి మొహం కేసీ చూడలేదు.

పిల్లాడు రెండు కేజీల నూట ఎనభై.

నా లెక్క ప్రకారం రెండు కేజీల వందే రావాలి. నేను లెక్క తప్పడం అరుదు కనుక, ఆ వెండి కూడా ఒకసారి తూయమ్మా అని నర్సుని అడిగాను. నూట డెబ్బై గ్రాములు. పావు కేజీలో ఎనభై గ్రాములు గూడెం నుంచి బయల్దేరనే లేదన్నమాట. అల్లుడుగారు నాకేసి చూశారు. నేను గోడ మీది టీకాల పట్టిక చదువుతున్నాను. ఒక అబద్ధం వల్ల పిల్లాడు నేను అనుకున్నదానికంటే ఎనభై గ్రాములు బాగున్నాడు. జీవితంలో మొదటిసారి తప్పు తూకానికి సంతోషించాను.

కానీ బాగున్నాడని కాదు. రెండు వారాలకి ఎనభై గ్రాములంటే రోజుకి ఆరు గ్రాములు కూడా పడలేదు. డాక్టరమ్మ వాడి చర్మం రెండు వేళ్ళతో లాగి చూసింది. తల్లి ఏం తింటోంది, నీళ్ళెన్ని తాగుతోంది అని అడిగింది. మూడు గ్లాసులండీ, ఒక్క గ్లాసు ఎక్కువ ఇవ్వలేదు అంది మా అమ్మాయి, మార్కులు వస్తాయన్నట్టు. డాక్టరమ్మ కాసేపు పెన్ను మూత పెట్టి తీసింది.

"అసలు ఏడవడండీ మా వాడు," అని కూడా అంది మా అమ్మాయి.

"అది మంచితనం కాదమ్మా. ఏడవడానికి ఓపిక లేదు వాడికి."

మా అమ్మాయి బయట బల్ల మీద నా పక్కన కూర్చుని పైట చెంగు మెలిపెడుతూ ఉంది. అనడానికి నా దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ రాసే ఉన్నాయి, కానీ అది సమయం కాదు.

నాలుగు రోజులు అక్కడే ఉంచారు. తల్లికి అన్నం, పప్పు, గుడ్డు, అడిగినన్ని నీళ్ళు. వాడికి చప్పరించే బలం వచ్చేదాకా పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టారు. ఇంట్లో అటక మీద వాళ్ళ ముత్తవ్వ కాలం నాటి ఉగ్గుగిన్నె ఒకటి ఉంది. పాతవన్నీ పాటించిన మా ఇంట్లో పనికొచ్చే ఆ ఒక్కదాన్నీ ఎవరూ దింపలేదు.

శుక్రవారం ఇంటికి వచ్చాం. నా పట్టిక చింపి అవతల పారేశారు. అల్లుడుగారు చెరువుల మేత పుస్తకం తెచ్చి కొత్త పేజీ తీశారు. చెరువు నంబరు రాసే చోట మనవడు అని రాశారు. మేత వేసిన టైము, ఎంత, ఎంత మిగిలింది. రెండు గంటలకోసారి ఆయన ఫోను మోగేది. ఎక్కడున్నా ఇంటికి ఫోను చేసి, "వేశారా అండీ?" అని అడిగేవారు. నేను చెబితే చాదస్తం, ఆయన చెబితే పద్ధతి. పని జరిగింది కనుక నేను ఆ తేడా పట్టించుకోలేదు.

ఆదివారం అత్తగారు వచ్చారు. ఖాళీ చేతులు, ఖాళీ కాళ్ళు చూసి మొహం ముడుచుకున్నారు. డాక్టర్లు తీయమన్నారని మా అమ్మాయి నసిగింది. నా కొంగున ముడేసి ఉన్న వెండి విప్పి ఇచ్చాను. ఆవిడ అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూశారు.

"ఆసుపత్రిలో ఏమీ పోలేదు కదా పిన్నిగారూ? పావు కేజీ అది."

సోమవారం హడావిడిలో ఆశా పిల్ల వదిలి వెళ్ళిన తూకం మిషను బల్ల మీదే ఉంది. నేను దాన్ని ఆవిడ ముందుకు జరిపాను.

"అనుమానమెందుకమ్మా, ఇక్కడే తూద్దాం."

ఆవిడ వెండి గబగబా పెట్టెలో వేసేశారు. "అబ్బే, వద్దులెండి. మనలో మనకి తూకాలేమిటండీ."

నా మనవరాలు పిల్లాడికి పాలిస్తూ మొహం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. పురుడు వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నూట డెబ్బై అని రాసిన కాగితం నా దగ్గరే ఉంది. సంబంధం చెప్పింది నేనే కాబట్టి మళ్ళీ నోరు మూసుకున్నాను.

నలభై రెండో రోజు ఆశా వర్కరు ఆఖరిసారి తూయడానికి వచ్చింది. వాడి దిష్టితాడు కూడా మా అమ్మాయే విప్పింది. ఒంటి మీద ఏమీ లేకుండా, చల్లటి మిషను తగలబోయేసరికి, వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎదురింటావిడ ఏమైందండీ అని వీధిలోకి వచ్చింది. బుద్ధిమంతుడన్న పేరు ఆ ఉదయంతో పోయింది.

అల్లుడుగారు పిల్లాణ్ణి రెండు చేతుల్లో పట్టుకుని ఆగారు.

"సున్నా ఉందా అత్తయ్యగారూ?"

ఖాళీ మిషను వైపు వంగి చూశాను. ఉంది, పెట్టండి అన్నాను.

రెండు కేజీల ఐదు వందల ముప్పై. పధ్నాలుగు రోజులకి మూడు వందల యాభై, సరిగ్గా రోజుకి ఇరవై ఐదు. ఫైలు అట్ట మీద రాశాను. ఖాళీ బరువు గడిలో తీసేయడానికి ఏమీ లేదు. అక్కడ సున్నా చుట్టాను.